తుపాను కబురు - ప్రత్తి, మిరప రైతు చేయవలసిన పని

విశాఖ, అనూరాధ, జ్యేష్ఠ కార్తెలలో ప్రత్తిపాడు ప్రాంతపు రైతు ఆకాశము వంక చూడక మానడు. ఆ దినములలోనే నల్లరేగడి చేలలో ప్రత్తికాయ పగులును. మిరప పూత, పిందె మీద నుండును. బంగాళాఖాతములో పెద్ద తుపానులు లేచు కాలమును అదియే. బాపట్ల తీరము మనకు దూరము కాదు. అక్కడ తుపాను దాటినచో ఇక్కడ వాన తప్పదు.

1977 నవంబరు 19వ తేదీని పెద్దలు మరువలేదు. ఆనాటి ఉప్పెనలో దివిసీమ ప్రాంతమున సుమారు పదివేల మంది ప్రాణములు కోల్పోయిరి. విశాఖపట్నమున తుపాను హెచ్చరిక కేంద్రము అప్పటికే, 1974లోనే, ఏర్పడియుండెను. హెచ్చరికలు వెలువడినవి గాని, లంక గ్రామములలో చాలమందికి అవి చేరలేదు. చేరినచోట నమ్మినవారు తక్కువ.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్లకు దక్షిణమున తీరము దాటినది. దాని రాక కొన్ని దినముల ముందే తెలిసినది. తీరవాసులను ముందుగా తరలించిరి. కాని చేలను తరలించలేము గదా! ప్రత్తి, మిరప, వరి నీట మునిగినవి. మనుషులకు ఉపయోగించిన కబురును పంటకు గూడ ఎంతవరకు ఉపయోగించుకొనగలమో చూడవలెను.

ఈ కబురు ఎట్లు పుట్టునో కొంచెము తెలిసినచో నమ్మకము కలుగును. ఇన్సాట్ ఉపగ్రహములు భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండి మేఘముల చిత్రములను రాత్రింబవళ్లు పంపుచుండును. మచిలీపట్నములోని డాప్లర్ రాడారు రేడియో తరంగములను వదలి, వాన చినుకులకు తగిలి తిరిగివచ్చిన వానినిబట్టి వాన ఎంత, గాలి ఎటు అని లెక్కకట్టును. వీనికి సముద్రములోని బోయాల కొలతలను జేర్చి, పెద్ద కంప్యూటర్లు తుపాను దారిని గుణించును. ఆ దారి కొన్ని పదుల కిలోమీటర్లు తప్పవచ్చును. "బాపట్ల అన్నారు, నిజాంపట్నమున దాటినది" అని ఎగతాళి చేయువారు కలరు. తుపాను వాన వందల కిలోమీటర్లు పరచుకొనును; ఆ తేడా మన చేనికి లెక్క కాదు.

వాతావరణ శాఖ తీరమున ప్రతికూల వాతావరణము మొదలగుటకు కనీసము 48 గంటల ముందు అప్రమత్తత ప్రకటనయు, 24 గంటల ముందు హెచ్చరికయు ఇచ్చును. రంగులలో పసుపు అనగా గమనించుడని, నారింజ అనగా సిద్ధపడుడని, ఎరుపు అనగా వెంటనే పని చేయుడని అర్థము. ప్రత్తి రైతుకు ఎరుపు వచ్చువరకు ఆగుట నష్టము. నారింజ నాటికే విచ్చిన ప్రత్తిని ఏరించి ఇల్లు చేర్చవలెను. ఆ రోజు ఊరందరికి కూలీలు కావలెను, దొరకరు. కావున ఇరుగుపొరుగు వారు బదులు సాయము ముందే మాటలాడుకొనుట మేలు. తడిసిన ప్రత్తిని పొడి ప్రత్తిలో కలుపరాదు. తేమ 12 శాతము మించినచో భారత ప్రత్తి సంస్థ కొనుగోలు కేంద్రములలో తీసికొనరు. మందులు, ఎరువులు వేయుట ఆపవలెను. అన్నిటికంటె ముఖ్యము, చేనికి పల్లమున ఉన్న కాలువ పూడిక తీసి, నీరు వాగులోనికి పోవు త్రోవ చేయుట. పై చేనివాడు గండి కొట్టి క్రింది చేనిమీదికి నీరు వదలుట పరిష్కారము కాదు, తగవు.

వాన వెలిసిన పిదప వేరుకు గాలి అందక ప్రత్తి, మిరప మొక్కలు ఉన్నట్లుండి వడలును. నీరు తీసిన వెంటనే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మొదళ్లు తడుపవలెను. పైరు కోలుకొనుటకు లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేటు ఆకులపై చల్లవచ్చును. సందేహమున్న లాం పరిశోధనా స్థానము వారిని అడుగుడు.

ఎండుమిరప కల్లములో ఉన్న కాలమున అకాల వర్షము పడినచో పట్టాలే దిక్కు. తడిసిన కాయకు బూజుపట్టి విషపదార్థము చేరును. దానిని మంచి కాయలో కలిపి గుంటూరు యార్డుకు తోలినచో లాటంతయు ధర తగ్గును.

గ్రామోద్యోగులకు ఒక మాట. మంగళ, శుక్రవారముల వ్యవసాయ వాతావరణ సూచన ఫోనులలో మేఘదూత్ ద్వారా వచ్చును. ఫోను లేని కౌలు రైతు కొరకు దానిని సుద్దముక్కతో పంచాయతీ గోడ పలకపై వ్రాయించుడు. తుపాను వేళ దండోరా వేయించుడు. పెట్టుబడి రాయితీకి పంటనష్టము 33 శాతమైనను ఉండవలెను గనుక, నీరు దిగకముందే చేను చూచి నమోదు చేయుడు. ఈ-పంటలో పేరు లేని కౌలుదారులెవరో వానకు ముందే విచారించుడు.