చక్కెర సీసా, అక్వేరియం మొక్క

అక్వేరియంలో మొక్కలు ఎదగకపోతే చాలామంది ముందు లైటు పెంచుతారు, తర్వాత ఎరువు వేస్తారు. మొక్క అలాగే ఉంటుంది, నాచు మాత్రం బ్రహ్మాండంగా పెరుగుతుంది. లోటు చాలాసార్లు కార్బన్ డయాక్సైడ్‌ది. గాలిలో కంటే నీటిలో ఈ వాయువు సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మునిగిన ఆకుకు అది అందడమే కష్టం. (అనుబియాస్, జావా ఫెర్న్ లాంటి మొక్కలే పెంచేవాళ్లకు దీన్ని విడిగా అందించే హంగామా అక్కర్లేదు.)

ఈ వాయువును ఇంట్లోనే తయారు చేసుకోవడం సులువే. రెండు లీటర్ల కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలో 200 గ్రాముల చక్కెర, పావు చెంచా ఈస్టు వేసి, ముప్పావు వంతు దాకా గోరువెచ్చని నీళ్లు పోయాలి. ఈస్టు చక్కెరను పులియబెట్టి ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. లెక్క ప్రకారం 200 గ్రాములకు 50 లీటర్లు దాటి వాయువు రావాలి. ఈస్టు ఎక్కువ వేస్తే వాయువు పెరగదు, త్వరగా వచ్చి త్వరగా ఆగిపోతుంది. మామూలుగా రెండు మూడు వారాలు నడుస్తుంది. మన ఎండాకాలంలో అంతకంటే ముందే ఆగిపోతుంది.

మూతకు బెజ్జం పెట్టి, గొట్టం దూర్చి, చుట్టూ గాలి పోకుండా అంటించి, రెండో కొసను అక్వేరియం తొట్టెలోకి దించాలి. పొంగిన నురుగు తొట్టెలోకి వెళ్లకుండా మధ్యలో నీళ్లున్న చిన్న సీసా, తొట్టె నీళ్లు వెనక్కి రాకుండా ఒక వాల్వు ఉండాలి. బుడగలు లెక్కపెట్టడానికి మందుల షాపులో దొరికే సెలైన్ సెట్టు పనికొస్తుంది. కానీ దాని చక్రం తిప్పి గొట్టం మూసేయకూడదు. ఈస్టు ఆగదు, లోపల ఒత్తిడి పెరిగి సీసా పగలవచ్చు. గాజు సీసా అసలే వద్దు.

అసలు చిక్కు రాత్రిపూట. లైటు ఆర్పాక మొక్కలు ఈ వాయువును తీసుకోవు, పైగా తామే వదులుతాయి. సీసా మాత్రం బుడగలు పంపుతూనే ఉంటుంది. నీటి ఆమ్లత్వం పెరుగుతుంది, తెల్లవారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అందుకే రాత్రి ఎయిర్ పంపు వేయాలి. పగలు వేస్తే కూడబెట్టిన వాయువంతా గాలిలో కలిసిపోతుంది.

తొట్టెలో లీటరు నీటికి 20 నుంచి 30 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ చాలంటారు అనుభవజ్ఞులు. తొట్టెలో డ్రాప్ చెకర్ తగిలిస్తే, అది ఎంత ఉందో అందులోని ద్రావణం రంగు చెబుతుంది: నీలమైతే తక్కువ, ఆకుపచ్చైతే సరి, పసుపైతే ఎక్కువ. రంగు మారడానికి గంటో రెండో పడుతుంది కాబట్టి అంతదాకా చేపలనే చూడండి. అవి పైకి రావడం మొదలెడితే వెంటనే గొట్టం తొట్టెలోంచి తీసి, పంపు వేయండి.