ఎండకు నీటి గొట్టాలు కాగకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

వేసవి వచ్చిందంటే మన సంఘాలలో పాల సేకరణ తగ్గడం మామూలే. పచ్చిమేత కొరత, వడగాడ్పులు ఇందుకు ముఖ్య కారణాలని సభ్యులందరికీ తెలుసు. అయితే అంతగా దృష్టికి రాని కారణం మరొకటి ఉంది. అది ఇంటి మీది ట్యాంకు నుంచి పశువుల పాక దాకా ఎండలో పరచిన నీటి గొట్టం. మేత మార్చలేదు, దాణా తగ్గించలేదు, అయినా పాలు తగ్గాయని చెప్పే సభ్యులు ఒక్కసారి మధ్యాహ్నం 2 గంటలకు తొట్టిలో చేయి పెట్టి చూడాలని మా మనవి.

పాలలో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. పాలిచ్చే గేదె వేసవిలో రోజుకు 60 నుంచి 80 లీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా తాగుతుంది. గేదె చర్మం నలుపు, చెమట గ్రంథులు తక్కువ. అందువల్ల అది చల్లని నీటి మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది. కాగిన నీళ్లు తొట్టిలో పోస్తే మూతి పెట్టి వెనక్కి తీస్తుంది. నీరు తక్కువ తాగిన పశువు మేత కూడా తక్కువ తింటుంది. ఆ లోటు సాయంత్రం పాల కొలతలో కనిపిస్తుంది.

ఎండకు గొట్టం ఏమవుతుంది?

ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో ఉన్నవి పీవీసీ గొట్టాలు. ఇవి తుప్పు పట్టవు, ధర తక్కువ. కాని ఎండకు మూడు విధాల దెబ్బ తింటాయి.

మొదటిది, వేడికి సాగుతాయి. 10 మీటర్ల గొట్టం తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా వస్తే సుమారు 2 సెంటీమీటర్లు పొడవు పెరుగుతుంది. కాగి ఉన్న గొట్టంలోకి మోటారు వేయగానే చల్లని బోరు నీరు వస్తే ఒక్కసారిగా కుదించుకుంటుంది. రోజూ ఇలా జరిగితే అతుకులు వదులవుతాయి.

రెండవది, మెత్తబడతాయి. గొట్టం మీద అచ్చు వేసిన ఒత్తిడి అంకె 27 డిగ్రీల వేడిలో నీటికి లెక్క కట్టినది. వేడి పెరిగినకొద్దీ గొట్టం తట్టుకోగల ఒత్తిడి తగ్గుతుంది. మధ్యాహ్నం గొట్టాలు పగలడానికి ఇది ఒక కారణం.

మూడవది, ఏళ్ల తరబడి ఎండ తగిలితే పైపొర రంగు వెలిసి పెళుసుబారుతుంది. అటువంటి గొట్టం గేదె కాలు తగిలినా విరుగుతుంది.

ఇనుప గొట్టాలు ఇంతగా సాగవు గాని త్వరగా కాగుతాయి. ఏ గొట్టమైనా కుళాయిలలోని రబ్బరు వాషర్లు వేడికి గట్టిపడి నీరు కారడం మొదలవుతుంది.

చేయవలసిన పనులు

1. వీలైనంత మేర గొట్టాన్ని భూమిలో పూడ్చండి. అడుగున్నర నుంచి రెండడుగుల లోతు చాలు. అడుగున రాళ్లు ఏరి ఇసుక పరచండి. బండ్లు, ట్రాక్టర్లు నడిచే చోట ఇంకా లోతుగా వేయాలి, లేదా పెద్ద ఇనుప గొట్టంలో దూర్చి వేయాలి.

2. పూడ్చడానికి వీలు లేనిచోట గోనెపట్టా చుట్టి పురికొసతో కట్టండి. పీవీసీ గొట్టమైతే గోనెను తడుపుతూ ఉంటే మరింత చల్లగా ఉంటుంది. ఇనుప గొట్టానికి తడి గోనె పనికిరాదు, తుప్పు పడుతుంది. దానికి ఎండుగడ్డి చుట్టి, పైన తాటాకు కప్పితే మంచిది.

3. గోడ వెంట వేసే గొట్టాన్ని పడమటి గోడకు వేయకండి. మధ్యాహ్నం తరువాతి ఎండంతా ఆ గోడకే తగులుతుంది. తూర్పు గోడ మేలు. బిగింపు క్లిప్పులు గొట్టం కాస్త కదిలేటట్లు ఉండాలి.

4. పైకి కనిపించే పీవీసీ గొట్టానికి నీటితో కలిపే తెల్ల రంగు వేయండి. నూనె రంగులు వేయకండి, వాటిలోని ద్రావకాలు గొట్టానికి చెరుపు చేస్తాయి.

5. ట్యాంకుపై తాటాకు పందిరి వేయండి. సిమెంటు ట్యాంకుకు బయట సున్నం కొట్టించండి. మూత తప్పక ఉండాలి. వెలుతురు పడితే పాచి పడుతుంది. తెల్లవారకముందే నింపి పగలంతా నిండుగా ఉంచండి. నిండుగా ఉన్న ట్యాంకు కొద్ది నీరున్న ట్యాంకంత త్వరగా కాగదు.

6. అతుకు వేయవలసి వస్తే ఉదయపు చల్లదనంలో వేయండి. ఎండలో సొల్యూషను అతికేలోపే ఆరిపోతుంది. డబ్బా మీద రాసిన గడువు పూర్తయ్యేదాకా నీరు వదలకండి.

7. నీరు ఎక్కడైనా కారుతున్నదేమో తెలియాలంటే రాత్రి కుళాయిలన్నీ కట్టి, ట్యాంకులో నీటిమట్టం గుర్తు పెట్టండి. తెల్లవారి మట్టం తగ్గితే కారుతున్నట్లే.

మొదటి నీరు పారబోయవద్దు

గొట్టంలో నిలిచిన నీరే ఎక్కువగా కాగుతుంది. 30 మీటర్ల అరంగుళం గొట్టంలో 5 లీటర్లు, అంగుళం గొట్టంలో సుమారు 15 లీటర్లు నిలుస్తాయి. మధ్యాహ్నం ఈ నీటిని ముందు బకెట్లలోకి వదిలి, ఆ తరువాత వచ్చే నీటిని తొట్టిలోకి మళ్లించండి. వేడి నీటిని పాక కడగడానికి, చెట్లకు వాడవచ్చు. పశువు ఒంటి మీద గాని, పిల్లల చేతుల మీద గాని నేరుగా వదలకండి.

గొట్టంలో కాగిన నీరు వేడిగా ఉంది కదా అని పాలచెంబు, క్యాను కడిగితే శుభ్రపడుతుందనుకోవద్దు. అది మరిగిన నీరు కాదు. ఎండకు గోరువెచ్చనైన నీటిలో పాలను విరగగొట్టే సూక్ష్మజీవులు మరింత పెరుగుతాయి. పాత్రలను మరిగించిన నీటితోనే కడగాలి.

కృత్తిక కార్తె మే రెండవ వారంలో ప్రవేశిస్తుంది, రోహిణి మే 25 ప్రాంతంలో వస్తుంది. రోళ్లు పగిలే రోహిణి ఎండ గొట్టాన్ని మాత్రం విడిచిపెడుతుందా? అందుచేత ఈ పనులన్నీ ఏప్రిల్ నెలాఖరుకే ముగించుకోవడం మంచిది. ఇందులో చాలా వాటికి నాలుగు పాత గోనెసంచులు, ఒక పలుగు, ఒక పూట శ్రమ తప్ప మరే ఖర్చూ లేదు. కార్యదర్శులు ఈ విషయాలను పాలు పోయడానికి వచ్చే సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. సంఘ భవనంలోని గొట్టాలకు కూడా ఇవే జాగ్రత్తలు తీసుకుంటే సభ్యులు చూసి నేర్చుకుంటారు.