4.3 పైథాన్ ఎక్కడ ఉంది? – ప్యాకేజీ మేనేజర్ ఉంచిన చోటును కనుగొనడం

ఉబుంటులో ఆప్ట్ ద్వారా ఒక భాషను ఇన్‌స్టాల్ చేసినప్పుడు, దాన్ని ఎక్కడ ఉంచాలో అది మనల్ని అడగదు. తరువాత ప్రోగ్రామ్ రాసే ఎడిటర్ 'పైథాన్ ఏ దారిలో ఉంది?' అని అడిగితే అభ్యాసకులు తికమకపడతారు. కొందరు పైథాన్‌ను మళ్లీ డౌన్‌లోడ్ చేస్తారు. ముదిగుబ్బ వంటి చోట ఫోన్ డేటాతో చదువుకునే వారికి ఇది వృథా ఖర్చు. పైగా కంప్యూటర్‌లో రెండు పైథాన్‌లు చేరితే, లైబ్రరీ ఒకదానిలోకి వెళ్లి, ప్రోగ్రామ్ మరొకదానితో నడిచే ప్రమాదం ఉంది. కింది ఆదేశాలకు ఇంటర్నెట్ అక్కరలేదు. వీటిని టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి.

4.3.1 ఫైళ్లు ఒకేచోట ఎందుకు ఉండవు?

లినక్స్‌లో ఫైళ్లను ప్రోగ్రామ్ వారీగా కాక, రకం వారీగా సర్దుతారు. నడిచే ఫైలు /యూఎస్ఆర్/బిన్‌లో, లైబ్రరీలు /యూఎస్ఆర్/లిబ్‌లో, వివరణ పత్రాలు /యూఎస్ఆర్/షేర్‌లో ఉంటాయి. ఏ ఫైలు ఏ ప్యాకేజీదో డీపీకేజీ అనే సాధనం /వార్/లిబ్/డీపీకేజీలో నమోదు చేస్తుంది. కాబట్టి ఫోల్డర్లన్నీ వెతకనవసరం లేదు, ఈ చిట్టాను అడిగితే చాలు.

4.3.2 కనుగొనే క్రమం

1. 'విచ్ పైథాన్3': ఆదేశం ఇస్తే ఏ ఫైలు నడుస్తుందో చెబుతుంది. సాధారణంగా జవాబు /యూఎస్ఆర్/బిన్/పైథాన్3.

2. 'రీడ్‌లింక్ -ఎఫ్' తరువాత ఆ దారిని ఇవ్వండి. పైథాన్3 అనేది అసలు ఫైలు కాదు, దాన్ని చూపే లింకు. ఉబుంటు 24.04లో అసలు ఫైలు పైథాన్3.12.

3. 'డీపీకేజీ -ఎస్' (పెద్ద అక్షరం) తరువాత అసలు ఫైలు దారిని ఇస్తే, అది ఏ ప్యాకేజీదో తెలుస్తుంది.

4. 'డీపీకేజీ -ఎల్' (పెద్ద అక్షరం) తరువాత ప్యాకేజీ పేరు ఇస్తే, అందులోని ఫైళ్ల జాబితా మొత్తం వస్తుంది.

5. 'టైప్ -ఎ పైథాన్3' (చిన్న అక్షరం): ఆ పేరుతో దొరికే దారులన్నీ చూపుతుంది.

చివరి ఆదేశానికి /యూఎస్ఆర్/బిన్, /బిన్ అని రెండు దారులు వస్తే రెండు పైథాన్‌లు ఉన్నాయని అనుకోకండి. ఇప్పటి ఉబుంటులో /బిన్ అనేది /యూఎస్ఆర్/బిన్‌కు లింకు మాత్రమే. 2022లో ముదిగుబ్బ మండలం అనంతపురం జిల్లా నుండి శ్రీ సత్యసాయి జిల్లాకు మారింది. పాత చిరునామా రాసినా, కొత్తది రాసినా ఊరు ఒక్కటే. ఇదీ అంతే. అయితే /యూఎస్ఆర్/లోకల్/బిన్ కనిపిస్తే అది ఆప్ట్ ఉంచినది కాదు, విడిగా చేర్చినది. వెతికే వరుసలో అది ముందుంటుంది కనుక అదే నడుస్తుంది.

మాక్ కంప్యూటర్లలో హోమ్‌బ్రూ పద్ధతి వేరు. అది ప్రతి ప్యాకేజీని 'సెల్లార్' అనే ఫోల్డర్‌లో విడిగా ఉంచి, బయట లింకులు ఇస్తుంది. 'బ్రూ --ప్రిఫిక్స్' ఆదేశంతో మూలస్థానం తెలుస్తుంది.

గమనిక: చోటు తెలిసింది కదా అని /యూఎస్ఆర్/బిన్‌లోని పైథాన్‌ను తొలగించకండి. ఉబుంటులోని అనేక సాధనాలు దానిపైనే ఆధారపడి నడుస్తాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 'విచ్', 'రీడ్‌లింక్ -ఎఫ్' ఇచ్చే జవాబుల మధ్య తేడా ఏమిటి?

2. మీ కంప్యూటర్‌లోని పైథాన్‌ను ఆప్ట్ ఉంచిందో లేదో ఎలా నిర్ధారిస్తారు?