తెల్లని బార్బెక్యూ సాస్: పల్చగానే ఎందుకుండాలి?

బార్బెక్యూ సాస్ అంటే చాలామందికి తెలిసింది టమాటాతో చేసే ఎర్రటి తియ్యటి సాస్. అమెరికాలోని ఉత్తర అలబామాలో మాత్రం కోడికి తెల్లటి సాస్ పట్టిస్తారు. డెకేటర్ అనే ఊళ్లో రైల్వేలో పనిచేసిన బాబ్ గిబ్సన్ 1925లో మొదలుపెట్టిన బార్బెక్యూ రెస్టారెంట్ దీనికి పుట్టిల్లు. మయొనైజ్, వెనిగర్, మిరియాలు, ఉప్పు: ముఖ్యమైన సరుకులు ఇవే. పాస్తాలో వేసే పాలూ మైదా సాస్‌తో దీనికి సంబంధం లేదు.

కోడికే ఎందుకు పట్టించారు?

పంది భుజం మాంసంలో కొవ్వు ఎక్కువ కాబట్టి ఎన్ని గంటలు పొగబెట్టినా మెత్తగా ఉంటుంది. కోడి రొమ్ము ముక్కలో ఆ కొవ్వు లేదు, తొందరగా పొడిబారిపోతుంది. డెకేటర్‌లో కోడిని రెండుగా చీల్చి, హికరీ కట్టెల పొగమీద దాదాపు మూడు గంటలు ఉంచి, దించిన వెంటనే సాస్ తొట్టిలో ముంచి తీస్తారు. మయొనైజ్‌లోని నూనె ముక్కకు పల్చటి పూతలా పట్టుకుంటుంది, వెనిగర్ పులుపు పొగ ఘాటును తగ్గిస్తుంది. నా దృష్టిలో ఇది మయొనైజ్ కలిసిన వెనిగర్ సాసే. చూడ్డానికి మీగడలా ఉంటుంది కదా అని చిక్కగా చేస్తే అసలు రుచి పోతుంది. గరిటె నుంచి ధారగా జారాలి, ముక్క సందుల్లోకి దిగాలి.

వెనిగర్ పోస్తే మయొనైజ్ విరగదా?

విరగదు. మయొనైజ్ అంటే కొద్దిపాటి నీటిలో కిక్కిరిసిన కోట్లాది సన్నని నూనె బిందువులు. అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా గుడ్డుసొనలోని లెసిథిన్, ప్రోటీన్లు అడ్డుపడతాయి. అందుకే మయొనైజ్‌కు నూనె కలిపేకొద్దీ గట్టిపడుతుంది, నీళ్లు కలిపితే జారుతుంది. వెనిగర్‌లో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి బిందువుల మధ్య ఎడం పెరుగుతుందంతే. ఒక్కసారిగా కుమ్మరిస్తే మాత్రం ఉండలు కడుతుంది. కొంచెం కొంచెంగా పోస్తూ గిలక్కొట్టాలి.

కొలతలేమిటి?

ఒక కప్పు మయొనైజ్‌కి పావు కప్పు ఆపిల్ సైడర్ వెనిగర్, టేబుల్‌స్పూన్ నిమ్మరసం, టేబుల్‌స్పూన్ మిరియాల పొడి, అర టీస్పూన్ ఉప్పు, చిటికెడు కారం. మిరియాలు అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచుకోవాలి. వాసన వాటిలోని తైలాలది, పొడి చేసి నిలవుంచితే ఎగిరిపోతుంది. సాస్‌ను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే ఆ వాసన నూనెలోకి దిగి, పులుపు కుదురుకుంటుంది.

చాలామంది ఇందులో హార్స్‌రాడిష్ దుంప తురుము కూడా వేస్తారు. అది మన అంగళ్లలో అరుదు, అయినా బెంగ అక్కర్లేదు. దాని ఘాటు, మన ఆవాల ఘాటు ఒకే రసాయనం నుంచి వచ్చేవి. ఆవపెట్టిన కూర తిన్నప్పుడు ముక్కుకు ఎక్కేది అదే. ఒక టీస్పూన్ ఆవపొడిని మామూలు నీళ్లతో తడిపి పది నిమిషాలు ఉంచి, ఆ తర్వాత సాస్‌లో కలపండి. పొడి తడిశాకే లోపలి ఎంజైమ్ మేలుకొని ఘాటు పుట్టిస్తుంది. ముందే వెనిగర్‌లో వేస్తే పులుపు ఆ ఎంజైమ్‌ను అణిచేస్తుంది, ఘాటు సగమే వస్తుంది. ఈ వరస తప్పకండి.

మయొనైజ్ ఇంట్లోనే చెయ్యొచ్చా?

పచ్చి గుడ్డుతో వద్దు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం ఉంది, వెనిగర్ కలిపామని ధీమాగా ఉండలేం. పచ్చి గుడ్ల మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది కూడా. పాశ్చరైజ్ చేసిన గుడ్లతో తయారైన సీసా గాని, గుడ్డు లేని వెజ్ మయొనైజ్ గాని తెచ్చుకోండి. వెజ్ రకాల్లో పిండిపదార్థాలు, గమ్ వంటివి వేసి చిక్కదనం తెస్తారు, కొన్ని తియ్యగానూ ఉంటాయి. ముందు రుచి చూసి, తీపి తగిలితే వెనిగర్ ఇంకో రెండు చెంచాలు పెంచండి.

నిప్పుల మీద ఉండగానే పూయొచ్చా?

ఎక్కువ వేడికి నీరు ఆవిరై, గుడ్డు ప్రోటీన్ గడ్డకట్టి, నూనె విడిపోతుంది. ఆ నూనె బొగ్గుల మీద పడితే మంట లేస్తుంది. కాబట్టి కోడి పూర్తిగా ఉడికాకే, అంటే లోపల 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాకే, వేడివేడి ముక్కల్ని సాస్‌లో ముంచండి. ఓవెన్‌లో కాల్చినా, పెనం మీద వేయించినా పద్ధతి ఇదే. పొగ వాసన కావాలంటే ముక్కల గిన్నెలో ఎర్రటి బొగ్గు ఉన్న చిన్న ఉక్కు కప్పు పెట్టి, చుక్క నెయ్యి వేసి, ఐదు నిమిషాలు మూత పెట్టండి. ముంచడం ఆ తర్వాతే.

ముంచడానికి ఒక గిన్నె, నంజుకోవడానికి మరో గిన్నె వేరుగా తీసుకోండి. ముక్కలు ముంచిన సాస్ మిగిలితే పారబోయాలి. ముట్టుకోని సాస్ ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు బాగుంటుంది. వేయించిన చేపకైనా, కాల్చిన పనీర్‌కైనా, సన్నగా తరిగిన క్యాబేజీలోకైనా అది చక్కగా సరిపోతుంది.