కొత్తవారి కరదీపిక కాలానుగుణంగా మారాలి
డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ అనుభవం చెబుతున్నదేమిటి?

ఎవరైనా ఉచితంగా పొంది, పరిశీలించి, అవసరానుసారం మార్చుకోగల ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో డెబియన్ ముఖ్యమైనది. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ ప్రకటించిన ఈ వ్యవస్థను వివిధ దేశాలకు చెందిన స్వచ్ఛంద కార్యకర్తలు అభివృద్ధి పరుస్తున్నారు. సుమారు రెండేళ్లకు ఒకసారి కొత్త విడుదల వెలువడుతుంది. దానిని మొదటిసారిగా కంప్యూటరులో నెలకొల్పుకొనే వారి కోసం ఇన్‌స్టలేషన్ గైడ్ అనే కరదీపికను కూడా ప్రతి విడుదలకు విడిగా సిద్ధం చేస్తారు.

అనుభవజ్ఞులు పాత కరదీపికలోని లోపాన్ని గుర్తించి సర్దుకోగలరు. కొత్తవారికి ఆ వీలు ఉండదు. పుస్తకంలోని ఆదేశాన్ని అక్షరం పొల్లుపోకుండా టైపు చేసినా ఫలితం రాకపోతే, పొరపాటు తమదేనని భావించి ప్రయత్నం విరమించుకుంటారు. అందువల్ల పాతబడిన సమాచారం అత్యధికంగా నష్టపరచేది కొత్తవారినే.

మూడు ఉదాహరణలు

2021 ఆగస్టు 14న డెబియన్ 11 విడుదలైంది. భద్రతా సవరణలను ఎక్కడి నుండి తెచ్చుకోవాలో కంప్యూటరుకు తెలిపే వరుసలో విడుదల పేరు పక్కన అంతవరకు ‘అప్‌డేట్స్’ అనే పదం ఉండేది. ఆ విడుదలతో దాని స్థానంలో ‘సెక్యూరిటీ’ అనే పదం వచ్చింది. పాత పాఠం ప్రకారం విడుదల పేరు ఒక్కటే మార్చి ఊరుకున్న కంప్యూటరుకు భద్రతా సవరణలు అందవు.

వైఫై వంటి పరికరాలు పనిచేయడానికి అవసరమైన ఫర్మ్‌వేర్‌లో స్వేచ్ఛా లైసెన్సు లేని భాగాన్ని గతంలో విడిగా సమకూర్చుకోవలసి వచ్చేది. 2022లో డెబియన్ సభ్యులు ఓటింగు ద్వారా తీసుకున్న నిర్ణయం మేరకు, 2023 జూన్ 10న వెలువడిన డెబియన్ 12 నుండి దానిని అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే చేర్చారు. అయినా పాత వ్యాసం చదివినవారు అనవసరమైన శ్రమకు లోనవుతారు.

2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13లో పాత తరహా 32 బిట్ల ఇంటెల్ కంప్యూటర్ల కోసం ఇన్‌స్టాలర్‌ను ఇవ్వడం లేదు. పాత కంప్యూటర్లకు తిరిగి ప్రాణం పోయవచ్చన్న సలహాను ఈ వివరం జోడించకుండా ముద్రించడం ఇక సరికాదు.

సవరణ జరిగే విధానం

డెబియన్‌లో కరదీపిక కూడా సాఫ్ట్‌వేర్ మాదిరిగానే ఒక ప్యాకేజీ. అందులో తప్పు కనబడితే ప్రోగ్రాములోని దోషాన్ని తెలిపినట్లే దోష నమోదు వ్యవస్థకు తెలియజేయవచ్చు. రచయితలు కానివారికీ ఆ అవకాశం ఉన్నది.

ఇన్‌స్టాలర్ తెరపై తెలుగు భాషను ఎంచుకొనే సౌకర్యం కూడా ఉన్నది. అయితే ఆంగ్ల మూలంలో ఒక వాక్యం మారినప్పుడు, దాని అనువాదం తిరిగి పరిశీలించవలసినదిగా గుర్తింపబడుతుంది. ఎవరైనా దానిని సవరించే వరకు ఆ చోట ఆంగ్ల వాక్యమే కనిపిస్తుంది. కనుక అనువాదం ఒకసారి పూర్తిచేసి పక్కన పెట్టే పని కాదు.

సవరణ అంటే కొత్త విషయాలు చేర్చడం మాత్రమే కాదు. కాలం చెల్లిన అధ్యాయాన్ని తొలగించడం కూడా అంతే ముఖ్యం. ‘పాత పద్ధతి ఇది, కొత్త పద్ధతి ఇది’ అని రెండింటినీ పక్కపక్కన ఉంచితే కొత్తవారు దేనిని అనుసరించాలో తేల్చుకోలేరు. రాసిన వ్యక్తి కాకుండా, ఆ విషయంతో పరిచయం లేని మరొకరు ఖాళీ కంప్యూటరుపై మొదటి పుట నుండి చివరి వరకు ఆచరించి చూడడం అత్యుత్తమమైన పరీక్ష.

గమనించవలసిన అంశాలు

కార్యాలయాలలో శిక్షణ కోసం సొంతంగా కరదీపికలు ముద్రించే అధికారులు, కంప్యూటర్ శీర్షికలు నిర్వహించే పాత్రికేయులు మూడు విషయాలు పాటించడం మంచిది. సమాచారం ఏ విడుదలకు వర్తిస్తుందో, ఏ తేదీన సరిచూశారో మొదటి పుటలోనే పేర్కొనాలి. మూల కరదీపికను నకలు చేయడానికి బదులు దాని తాజా ప్రతిని చూడవలసిందిగా పాఠకులకు సూచించాలి. కొత్త విడుదల వెలువడిన వెంటనే పాత ప్రతులను పంపిణీ నుండి ఉపసంహరించాలి. ఈ బాధ్యతను ఒక వ్యక్తికి పేరు పెట్టి అప్పగించినప్పుడే ఇది క్రమం తప్పకుండా సాగుతుంది.