రేట్ల బోర్డు చూసి బిల్లు చెప్పగలరా?

భీమునిపట్నంలో పెద్ద వయసువాళ్ళకి కంట్లో శుక్లం ముదిరితే ఆపరేషన్‌కి మామూలుగా విశాఖ రావలసిందే. వచ్చాక ఆస్పత్రులకి కొదవ లేదు. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది, హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ శాఖ ఉంది, శంకర్ ఫౌండేషన్ ఉంది, ఆరిలోవ వైపు హెల్త్ సిటీలో కార్పొరేట్ ఆస్పత్రులు వరసగా ఉన్నాయి. ఈ ఆపరేషన్ ఖర్చు దేశమంతటా ఎంత తేడాగా ఉందో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో చర్చకు వచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రిలో కంటికి 10,000 రూపాయల దాకా అయ్యేది ప్రైవేటులో 30,000 నుంచి 1,40,000 దాకా ఉందని కోర్టు ముందున్న లెక్క. అంటే ఒక కొసకీ మరో కొసకీ 14 రెట్లు. శుక్లం గుండెపోటు లాంటిది కాదు. రెండు వారాలు ఆగొచ్చు, నాలుగుచోట్ల అడగొచ్చు, ఇంట్లో మాట్లాడుకోవచ్చు. నాలుగుచోట్ల బేరం చూసుకుని వైద్యం కొనుక్కోవడమనేది ఎక్కడైనా సాధ్యమైతే ఇక్కడే కావాలి. ఇక్కడా కావడం లేదంటే తప్పు రోగి తెలివితక్కువతనంలో లేదు.

ఆస్పత్రికి ఫోన్ చేసి ఎంతవుతుందని అడిగితే వచ్చే జవాబు అందరికీ తెలిసిందే: ‘లెన్స్‌ను బట్టి ఉంటుందండీ, ఒకసారి వచ్చి చూపించుకోండి.’ అది అబద్ధం కాదు. మోనోఫోకల్ లెన్స్ ఒక ధర, మల్టీఫోకల్ ఇంకో ధర, విదేశీ బ్రాండ్ మరో ధర. ఆపైన ఆపరేషన్‌కి ముందు చేసే షుగర్, ఈసీజీ, రక్త పరీక్షలు, తర్వాత వారాల తరబడి వేసుకునే చుక్కల మందులు. పెద్ద ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరవలసి వస్తే చాలా కార్పొరేట్ ఆస్పత్రుల్లో ఇంకో చిత్రం ఉంది. జనరల్ వార్డు నుంచి ఏసీ గదికి మారితే పెరిగేది గది అద్దె ఒక్కటే కాదు, అదే సర్జన్, అదే థియేటర్, అదే కత్తి అయినా సర్జన్ ఫీజు కూడా పెరుగుతుంది. రేట్లు అందరికీ కనబడేలా ప్రదర్శించాలని కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నియమాలు 2012లోనే చెప్పాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్య సంస్థలకు 2002 నాటి సొంత చట్టం ఉంది. కానీ కన్సల్టేషన్ ఇంత, ఎక్స్‌రే ఇంత, బెడ్ ఇంత అని బోర్డు మీద విడివిడిగా రాసిన అంకెలను కూడి మొత్తం బిల్లు చెప్పడం డాక్టరు కొడుక్కి కూడా కష్టం. నా వాదన ఇంతే: ముందుగా తెలియవలసింది రేటు కాదు, బిల్లు.

ధరలు బయటపెట్టినంత మాత్రాన రోగులు చవక చోటు వెతుక్కుంటూ పోరని అమెరికా అనుభవం చెబుతోంది. అక్కడ 2021 జనవరి 1 నుంచి ఆస్పత్రులు తమ ధరలను, ముఖ్యంగా ముందుగా ఏర్పాటు చేసుకోదగిన 300 సేవల ధరలను, బహిరంగంగా ఉంచాలన్న నిబంధన ఉంది. అంతకుముందే, 2016లో అచ్చయిన ఒక అధ్యయనం రెండు పెద్ద కంపెనీల ఉద్యోగులకు ధరలు పోల్చుకునే సాధనం ఇచ్చి చూస్తే ఏమయిందో పరిశీలించింది. మొదటి ఏడాది దాన్ని తెరిచి చూసినవాళ్ళు పదిమందిలో ఒకరు. వైద్య ఖర్చు తగ్గలేదు. ఇన్సూరెన్స్ కట్టే దేశపు కథ మనకెందుకని అడగొచ్చు. 2021–22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం మన దేశంలో ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ఇప్పటికీ జనం సొంత జేబులోంచే పోతోంది కాబట్టి మనవాళ్ళు ఇంకా జాగ్రత్తగా చూస్తారనుకోవాలి. కానీ ఎక్కడికి వెళ్ళాలో తేల్చేది చాలాసార్లు రోగి కాదు. ఊళ్ళో ఆర్‌ఎంపీయో, మొదట చూసిన డాక్టరో చీటీ రాస్తారు, ఆ చీటీ పట్టుకుని ఆటో ఎక్కుతారు. రోగిని పంపినందుకు డాక్టర్లు కమిషన్ తీసుకోవడం 2002 వైద్య నీతి నియమావళి ప్రకారం నిషిద్ధం. ఆర్‌ఎంపీలకు ఆ నియమావళి వర్తించదు.

మరి ధర తగ్గించడం ఎక్కడ పనిచేసింది? బయటివాళ్ళు ఒక అంకె గీసి పెట్టినచోట. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ మందు పూసిన గుండె స్టెంట్‌కి పన్నులు కాక 29,600 రూపాయలు, మామూలు స్టెంట్‌కి 7,260 గరిష్ఠ ధర పెట్టింది. అంతకుముందు మందు పూసిన స్టెంట్ సగటున లక్ష దాటేది. స్టెంట్ ధరను, బ్రాండ్‌ను, బ్యాచ్ నంబరును బిల్లులో విడిగా చూపాలని కూడా ఆదేశించింది. కోవిడ్ రెండో ఉధృతిలో రాష్ట్ర ప్రభుత్వం ఛాతీ సీటీ స్కాన్‌కి 3,000 మించకూడదంది. అయితే స్టెంట్ తగ్గాక ప్రొసీజర్ ఛార్జీలు పెంచారన్న ఫిర్యాదులు వచ్చాయి. ఒక వస్తువు ధర బిగిస్తే పక్క వరస ఉబ్బుతుంది.

ఆ ఉబ్బు రాకుండా చేసే పద్ధతి మన రాష్ట్రానికి కొత్తేమీ కాదు. 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆరోగ్యశ్రీలో ప్రతి చికిత్సకూ ఒక ప్యాకేజీ ఉంది. పరీక్షలు, ఆపరేషన్, మందులు, భోజనం, ఇంటికి తిరుగు ప్రయాణం దాకా ఒకే అంకెలో. ఏది ఏ చికిత్సలో భాగమో నిర్వచించే కష్టం ప్రభుత్వం ఎప్పుడో పడింది. సొంత డబ్బు కట్టే రోగికి కూడా అదే మూటలో అంకె చెప్పమనాలి. ఆ రేట్లు గిట్టవని ఆస్పత్రులంటాయి. నిజమే కావచ్చు, బకాయిల కోసం నెట్‌వర్క్ ఆస్పత్రులు పలుమార్లు సేవలు ఆపిన సంగతి తెలిసిందే. నేను అడుగుతున్నది ఆరోగ్యశ్రీ రేటు కాదు, ఆ మూట మాత్రమే. అందులో వేసే అంకె ఆస్పత్రి ఇష్టం. కాంప్లికేషన్ వస్తే ఎలా అంటే, వస్తే అదనం ఎంతదాకా పోవచ్చో, ఎవరి సంతకంతో పోవాలో ముందే రాయొచ్చు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం డెన్మార్క్ నుంచి వస్తుంది. 1993లో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ కాంక్రీట్ కంపెనీల అసలు ధరలు ప్రచురిస్తే, పోటీ పెరగాల్సింది పోయి ఏడాదిలోనే ధరలు 15 నుంచి 20 శాతం పెరిగాయి. ఒకరి ధర ఒకరికి తెలిసి అందరూ పైకి సర్దుకున్నారు. విశాఖలోనూ పెద్ద ఆస్పత్రులు కొన్నే కాబట్టి ఈ భయం ఉత్తుత్తిది కాదు. కానీ ఇన్సూరెన్స్ కంపెనీలతో రోజూ బేరాలాడే ఆస్పత్రులకు పక్కవాళ్ళ రేట్లు ఇప్పటికే తెలుసు. తెలియనిది రోగికే. అందుకే ఆస్పత్రి అంకె పక్కన ఆరోగ్యశ్రీ ప్యాకేజీ అంకె కూడా అచ్చువేయాలి. రెండింటి మధ్య తేడా కనబడితే ఎందుకంత అని అడగడానికి రోగికి కనీసం ఒక ఆధారం దొరుకుతుంది. చవక అంటే నాసి అనే భయం కూడా ఉంది. ఫలితాలు తెలియనప్పుడు జనం ధరనే నాణ్యతకు గుర్తుగా తీసుకుంటారు. అయినా చవకగా చేసేదంతా నాసి కానక్కర్లేదు: ఎల్వీ ప్రసాద్ సంస్థ కట్టగలిగినవాళ్ళ ఫీజులతో కట్టలేనివాళ్ళకి ఉచితంగా ఆపరేషన్లు చేస్తూ వచ్చింది. ఇక గుండెపోటుకీ రోడ్డు ప్రమాదానికీ ఇదేదీ పనికిరాదు, అక్కడ గరిష్ఠ ధర ఒక్కటే దారి.

మరి ఇదంతా ఎవరు చేయాలి? ఆస్పత్రులు తమ ఫార్మసీలోనే మందులు కొనమంటున్నాయన్న కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు తానే ఆదేశాలు ఇవ్వకుండా, విధానం చూసుకోమని రాష్ట్రాలకు వదిలింది. ఆరోగ్యం రాష్ట్ర జాబితాలోని విషయం. ముందుగా ఏర్పాటు చేసుకోదగిన ప్రతి ఆపరేషన్‌కీ తెలుగులో, సంతకంతో, ఒకే అంకెగా అంచనా బిల్లు ఇవ్వాలని 2002 చట్టం కింద ఒక నియమం చేర్చడానికి అమరావతి ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కర్లేదు.