బొంతకుట్టు నుండి లాంగ్‌ఆర్మ్ యంత్రం వరకు: విశాఖపట్నం నేపథ్యంలో ఎంపిక, వినియోగం

వ్యాససంగ్రహం

పాత చీరలను పొరలుగా పరచి కుట్టే బొంత తెలుగువారి గృహజీవనంలో చిరకాలంగా ఉన్న వస్తువు. పెద్ద వస్త్రాలను పొరలతో సహా కుట్టడానికి పాశ్చాత్య దేశాలలో రూపొందిన లాంగ్‌ఆర్మ్ యంత్రం ఇటీవలి దశాబ్దాలలో ఇళ్లలో అభిరుచిగా కుట్టుకొనేవారికి కూడా చేరువైంది. విశాఖపట్నం వంటి తీరనగరంలో సొంత సంతోషం కోసం బొంతలు కుట్టుకొనేవారు ఈ యంత్రాన్ని ఏ ప్రమాణాలతో ఎంచుకోవాలి, పాత చీరలకు హాని కలగకుండా ఎలా వాడాలి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. కుట్టే పద్ధతి దృష్ట్యా లాంగ్‌ఆర్మ్ యంత్రం మామూలు కుట్టుమిషను కంటే చేతి బొంతకుట్టుకే దగ్గరగా ఉందని, అందువల్ల యంత్రం ఖరీదునో పరిమాణాన్నో కాక బొంత స్వభావాన్నే ఎంపికకు ప్రాతిపదికగా తీసుకోవాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బొంత, కంథ, లాంగ్‌ఆర్మ్ యంత్రం, కుట్టు నియంత్రకం, చట్రం, పాత చీరలు, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం

సంస్కృతంలోని 'కంథా' శబ్దానికి బొంత అని అర్థం. బెంగాల్ కాంథా, బీహార్ సుజని, మహారాష్ట్ర గోధడి, కర్ణాటక కౌది మొదలైనవన్నీ ఈ కుటుంబానికి చెందినవే. వాడి వాడి మెత్తబడిన వస్త్రాన్ని పారవేయకుండా పొరలుగా పేర్చి, వరుస కుట్లతో ఒక్కటిగా చేసి, మళ్లీ వాడుకలోకి తేవడం వీటన్నింటిలోని సమాన లక్షణం.

విశాఖపట్నం నౌకాశ్రయం 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమైంది. ఈ రెండింటి కారణంగా నగరం పెరిగింది, నివాసాలు క్వార్టర్లుగా, అపార్టుమెంట్లుగా మారాయి. బొంత పరచుకొని కుట్టడానికి అనువైన వాకిలి, వసారా, పంచ ఇటువంటి నివాసాలలో కరవయ్యాయి. అమ్మ చీరలను, అమ్మమ్మ చీరలను బీరువాలో దాచుకొని, వాటిని ఏదో ఒక రూపంలో నిలుపుకోవాలని కోరుకొనేవారికి యంత్రం ఒక మార్గంగా కనిపిస్తుంది. అయితే పొరపాటు ఎంపిక వల్ల డబ్బు మాత్రమే నష్టం కాదు. జీర్ణించిన చీర ఒకసారి చిరిగితే దానికి మారు చీర దొరకదు. ఈ విచారణకు ప్రేరణ అదే.

2. బొంత నిర్మాణం – కొలతలు

మామూలు చీర పొడవు సుమారు 5.5 మీటర్లు, వెడల్పు సుమారు 1.15 మీటర్లు. దీనిని పొడవున సగానికి మడిస్తే 2.75 మీటర్ల పొడవు, 1.15 మీటర్ల వెడల్పు గల రెండు పొరలు వస్తాయి. ఇది ఒక మనిషికి సరిపడే బొంత కొలత. అటువంటివి రెండు పక్కపక్కన కలిపితే 2.75 × 2.3 మీటర్ల పెద్ద బొంత అవుతుంది. మందం కావాలంటే పొరలు పెంచుతారు. రజాయిలో వలె ఏకిన దూది నింపడం బొంతకు అవసరం లేదు. కనుక బొంత పలుచగా, బరువుగా, మెత్తగా ఉంటుంది.

చేతితో వేసేది సాదా పరుగు కుట్టు. ఒకే దారం పొరల పైకి, కిందికి సాగుతుంది. యంత్రం వేసేది లాక్‌స్టిచ్. అందులో పై దారం, బాబిన్ దారం పొరల నడుమ పెనవేసుకొంటాయి. రెండు దారాలు, దగ్గర దగ్గర కుట్లు ఉండటం వల్ల యంత్రపు కుట్టు దృఢంగా ఉంటుంది. వరుసల మధ్య దూరం తగ్గేకొద్దీ బొంత బిరుసెక్కుతుంది. పసిపిల్లల పక్కబొంత వంటి మెత్తదనమే ప్రధానమైన వాటికి ఈ భేదం ముఖ్యమైనది.

3. వస్త్రం కదలడం – సూది కదలడం

చేతితో బొంత కుట్టే తీరును గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. బొంతను నేలమీద పరచి, పొరలు జరగకుండా తాత్కాలికంగా పెద్ద కుట్లు వేసి, కుట్టేవారు దాని పక్కనో పైననో కూర్చుని వరుస వెంబడి జరుగుతూ పోతారు. వస్త్రం నిశ్చలంగా ఉంటుంది, సూది కదులుతుంది.

ఎలియాస్ హోవ్ 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను అమెరికాలో పేటెంట్లు పొందిన కుట్టుమిషన్ల సంప్రదాయంలో ఈ సంబంధం తలకిందులైంది. సూది ఒకే చోట పైకి కిందికి ఆడుతుంది, వస్త్రమే దాని కిందుగా కదలాలి. రవికెకో చొక్కాకో ఇది అనుకూలమే. పెద్ద బొంత విషయంలో మాత్రం బొంత మొత్తాన్ని చుట్టచుట్టి మిషను చేయి లోపలి ఇరుకైన ఖాళీలో తోయవలసి వస్తుంది. భుజాలు నొప్పెడతాయి, పొరలు జరిగి ముడతలు పడతాయి.

లాంగ్‌ఆర్మ్ యంత్రంలో బొంతను చట్రానికి ఉన్న రోలర్ల మీద బిగిస్తారు. యంత్రం చక్రాల మీద, పట్టాల వెంబడి నాలుగు దిక్కులా కదులుతుంది. కుట్టేవారు పిడులు పట్టుకొని దానిని నడిపిస్తారు. ఇక్కడ మళ్లీ వస్త్రం నిశ్చలం, సూది చలనశీలం. రూపంలో పరాయిదిగా కనిపించే ఈ యంత్రం పద్ధతిలో మన బొంతకుట్టుకే సన్నిహితమనడానికి ఇదే ఆధారం.

అయితే ఒక భేదం ఉంది. నేలమీద పరచిన బొంత మొత్తం కంటికి కనిపిస్తుంది. చట్రంమీద ఒక పట్టీ మాత్రమే కనిపిస్తుంది, మిగిలినది రోలర్లకు చుట్టుకొని ఉంటుంది. కర్ణాటకలోని సిద్ది స్త్రీలు కుట్టే కౌది వలె అంచుల నుండి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరే కుట్టు చట్రంమీద సహజంగా సాధ్యం కాదు. సమాంతర వరుసలకు మాత్రం చట్రం ఎంతో అనుకూలం.

4. యంత్రం ఎంపికలో ప్రమాణాలు

4.1 చేయి లోపలి ఖాళీ: సూదికి, యంత్రపు వెనుక స్తంభానికి మధ్య ఉన్న దూరం మామూలు ఇంటి మిషన్లలో 6 నుండి 9 అంగుళాలు, లాంగ్‌ఆర్మ్ యంత్రాలలో సాధారణంగా 18 నుండి 26 అంగుళాలు. ఈ ఖాళీలో కొంత భాగాన్ని చుట్టుకొన్న బొంత ఆక్రమిస్తుంది. 6 సెంటీమీటర్ల వ్యాసం గల రోలరుమీద 2.75 మీటర్ల బొంతను చుట్టామనుకుందాం. పొరలన్నీ కలిపి 1 మిల్లీమీటరు మందమైతే చుట్ట వ్యాసం సుమారు 8.4 సెంటీమీటర్లు అవుతుంది. దూది పొరతో మందం 4 మిల్లీమీటర్లయితే అది 13 సెంటీమీటర్లు దాటుతుంది. అంటే పలుచని చీరబొంతలు కుట్టేవారికి 18 అంగుళాల యంత్రం చాలును. పెద్ద యంత్రాలు మందమైన రజాయిలకు, పెద్ద డిజైన్లకు ప్రయోజనకరం.

4.2 చట్రం, గది: చట్రం పొడవు బొంత వెడల్పు కంటే సుమారు 60 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. యంత్రం అంచు దాటి పోవడానికి రెండువైపులా చోటు కావాలి. 1.15 మీటర్ల బొంతకు 6 అడుగుల చట్రం, 2.3 మీటర్ల బొంతకు 10 అడుగుల చట్రం సరిపోతాయి. 10 అడుగుల చట్రం చుట్టూ మనిషి తిరగడానికి కూడా చోటు కలుపుకొంటే సుమారు 14 × 10 అడుగుల గది అవసరం. అపార్టుమెంటులో ఇది ఒక పడకగదితో సమానం. యంత్రం కొనడానికి ముందు ఆ కొలతతో నేలమీద సుద్దతో గీత గీసి, తలుపులు తెరుచుకొంటాయో లేదో చూసుకోవడం మేలు.

4.3 కుట్టు నియంత్రకం: చేతితో యంత్రాన్ని నడిపేటప్పుడు వేగం పెరిగితే కుట్లు పొడవు, తగ్గితే పొట్టి అవుతాయి. కుట్టు నియంత్రకం చేతి వేగాన్ని గుర్తించి సూది వేగాన్ని దానికి అనుగుణంగా మార్చి, కుట్ల పొడవును సమంగా ఉంచుతుంది. అభిరుచితో కుట్టేవారు తప్పక కోరవలసిన సౌకర్యం ఇది. యంత్రం ఒకే సరళరేఖలో కదిలేలా బిగించే ఛానెల్ లాక్ రెండవది. వరుసకుట్ల బొంతకు అది ఎంతో అనువైనది. కంప్యూటరు దానంతట అదే డిజైను కుట్టే సౌకర్యం కూలికి కుట్టేవారికి ఉపయోగపడుతుంది. తమ చేతితో కుట్టాలన్న కోరికతో యంత్రం కొనేవారికి దాని అవసరం తక్కువ.

4.4 విద్యుత్తు, మరమ్మతు: అమెరికా గృహ విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జులు. మన దేశంలో 230 వోల్టులు, 50 హెర్ట్జులు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మారుస్తుంది కాని హెర్ట్జులను మార్చదు. అందుచేత రెండింటికీ సరిపడే విద్యుత్ భాగం ఉన్న యంత్రాన్నే ఎంచుకోవాలి, సరైన ఎర్తింగు ఉండాలి. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో బ్రాండిక్స్ ఇండియా అపెరల్ సిటీ వంటి వస్త్రోత్పత్తి కేంద్రం ఉన్నందున పారిశ్రామిక కుట్టుయంత్రాల హుక్కు, టైమింగు తెలిసిన మెకానిక్కులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. కాని నియంత్రకపు ఎలక్ట్రానిక్ బోర్డులు వేరు విద్య. వాటి విడిభాగాలు ఎక్కడినుండి, ఎన్నాళ్లకు వస్తాయో అమ్మకందారునుండి లిఖితంగా తెలుసుకోవాలి.

5. వినియోగంలో జాగ్రత్తలు

5.1 పాత చీరను రోలరుకు బిగించరాదు: రోలర్ల మధ్య వస్త్రం లాగి బిగించబడుతుంది. నూలు జీర్ణించిన చీర ఆ లాగుడుకు అంచుల వద్ద చిరుగుతుంది. దీనికి పరిష్కారం అడుగుపొరను మాత్రమే రోలర్లకు బిగించడం. అడుగుపొరగా ఉతికి ఆరవేసిన కొత్త నూలువస్త్రాన్ని, బొంత కంటే నాలుగువైపులా సుమారు 4 అంగుళాలు పెద్దదిగా తీసుకోవాలి. పాత చీరల పొరలను దానిపై పరచి, అరచేతితో నిమిరి, అంచు వెంబడి తాత్కాలికపు కుట్లు వేయాలి. అప్పుడు లాగుడు భారం కొత్తబట్ట మోస్తుంది, చీర దానిమీద విశ్రాంతిగా ఉంటుంది. నేలమీద పరచిన బొంతలోనూ చీరపై లాగుడు ఉండదని గుర్తిస్తే ఈ పద్ధతిలోని ఔచిత్యం బోధపడుతుంది.

5.2 సూది, దారం: లాంగ్‌ఆర్మ్ యంత్రం అన్ని దిక్కులా కదలడం వల్ల సూది వంగి కుట్లు తప్పే అవకాశం ఉంది. అందుకే వీటిలో 16, 18 నంబర్ల గట్టి సూదులు వాడుతుంటారు. పలుచని చీరకు అంత లావు సూది పెద్ద రంధ్రం చేస్తుంది. యంత్రం అనుమతించినంతలో సన్నని సూది, దానికి తగిన సన్నని దారం, నెమ్మది వేగం శ్రేయస్కరం. దారం బిగువును అసలు బొంతమీద సరిచూడరాదు. అవే పొరలతో చేసిన చిన్న ముక్కమీద కుట్టి, కింద పై దారం చుక్కలుగా కనిపిస్తే పై బిగువు పెంచి, పైన బాబిన్ దారం కనిపిస్తే తగ్గించి చూడాలి. పాత చీరమీద తప్పు కుట్టు విప్పడం, కొత్తగా కుట్టడం కంటే ప్రమాదకరం.

జరీ అంచులను ముందుగానే వేరుచేయాలి. జరీ సూదిని మొద్దుబారుస్తుంది, దారాన్ని తెంపుతుంది. ఆ అంచులను తరువాత చేతితో బొంత చుట్టూ కుట్టుకోవచ్చు.

5.3 ఉప్పుగాలి: సముద్రతీరపు తేమ, ఉప్పు ఉక్కుభాగాలను తుప్పు పట్టిస్తాయి. హుక్కు, సూదికడ్డీ, పట్టాలు మొదట దెబ్బతింటాయి. యంత్రాన్ని సముద్రంవైపు కిటికీకి దూరంగా ఉంచడం, వాడనప్పుడు నూలుగుడ్డ కప్పడం, తయారీదారు చెప్పిన చోట మాత్రమే చెప్పిన నూనె వేయడం, నెలల తరబడి వాడకుండా వదలకపోవడం అవసరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకిన అనుభవం దృష్ట్యా, తుపాను హెచ్చరిక రాగానే ప్లగ్గు తీసి యంత్రాన్ని నీరు చొరబడని పట్టాతో కప్పడం అలవాటు చేసుకోవాలి.

6. యంత్రం ఎవరికి అవసరం?

ఒక చిన్న లెక్క ఈ ప్రశ్నకు దారి చూపుతుంది. 2.75 × 2.3 మీటర్ల బొంతలో అంగుళానికొక వరుస కుడితే మొత్తం కుట్టు పొడవు సుమారు 250 మీటర్లు. చేతితో అంగుళానికి 4 కుట్ల చొప్పున దాదాపు 39,000 కుట్లు. నిమిషానికి 20 కుట్లు వేస్తారనుకొంటే 33 గంటల పని. యంత్రంతో అంగుళానికి 10 కుట్ల చొప్పున సుమారు 98,000 కుట్లు. నిమిషానికి 1,000 కుట్ల వేగంతో సూది ఆడే సమయం 100 నిమిషాల లోపే. బిగించడం, బాబిన్లు మార్చడం, పట్టీలు జరపడం కలిపినా ఒక రోజు పని.

ఏడాదికి రెండు మూడు బొంతలు కుట్టేవారికి ఈ ఆదా కోసం లక్షల రూపాయలు, ఒక గది వెచ్చించడం సమంజసం కాదు. వారు ఇంటి మిషనుకే పొరలను పైనుండి కూడా జరిపే వాకింగ్ ఫుట్ అనే పాదాన్ని అమర్చుకొని, బొంతను సన్నని పట్టీలుగా కుట్టి తరువాత కలుపుకోవచ్చు. నెలనెలా కుట్టేవారికి, లేదా చేతివేళ్ల నొప్పులవల్ల సూది పట్టలేక కుట్టు మానుకొన్నవారికి లాంగ్‌ఆర్మ్ యంత్రం నిజమైన సహాయం. నలుగురైదుగురు కలిసి ఒక యంత్రాన్ని కొని వంతులవారీగా వాడుకోవడం మధ్యేమార్గం. బొంత పరిస్తే నలుగురూ చేరి తలో వరుస కుట్టే పాత అలవాటుకు ఇది కొత్త రూపం.

7. ముగింపు

1. లాంగ్‌ఆర్మ్ యంత్రంలో వస్త్రం నిలిచి, సూది కదులుతుంది. ఈ లక్షణం దానిని చేతి బొంతకుట్టుకు దగ్గర చేస్తుంది.

2. చీరబొంత పలుచనిది కనుక 18 అంగుళాల ఖాళీ, బొంత వెడల్పునుబట్టి 6 లేదా 10 అడుగుల చట్రం, కుట్టు నియంత్రకం, ఛానెల్ లాక్ ఉన్న చేతినడక యంత్రం చాలును.

3. పాత చీరను రోలరుకు బిగించక, కొత్త అడుగుబట్టమీద పరచి కుట్టడం యంత్ర వినియోగంలో ప్రధాన నియమం.

4. తీరనగరంలో విద్యుత్తు, ఉప్పుగాలి, మరమ్మతు అనే మూడూ యంత్రం ధరతో సమానంగా పరిశీలించదగినవి.

5. పసిపిల్లల బొంతలు, బాగా జీర్ణించిన చీరల బొంతలు చేతికుట్టుకే వదలాలి.

యంత్రం చేతికి బదులు కాదు. 33 గంటల శ్రమను ఒక రోజుకు తగ్గించగలదు గాని, ఏ చీర ఎంత లాగుడును తట్టుకొంటుందో చెప్పలేదు. ఆ తీర్పు చీరను నిమిరి చూసిన చేతిదే. ఆ వివేకం ఉన్నవారి ఇంట యంత్రం బొంత సంప్రదాయానికి కొనసాగింపు అవుతుంది.